గుండె రక్తనాళాలు అందరికీ ఒకేలా ఉండవు

ప్రశ్న: మా నాన్నగారికి 61 ఏళ్లు. యాంజియోగ్రామ్‌లో బ్లాకులు లేవన్నారు. కానీ రిపోర్టులో ‘రైట్ డామినెంట్. సర్కమ్‌ఫ్లెక్స్ కుడి సైనస్ నుంచి మొదలై బృహద్ధమని వెనకగా వెళ్తోంది’ అని రాశారు. బృహద్ధమని కవాటం సన్నబడిందనీ, ముందుముందు మార్చాల్సి రావచ్చనీ చెప్పారు. భయపడాలా?
– ఒక పాఠకురాలు, కావలి

జవాబు: రైట్ డామినెంట్ అంటే గుండె కింది గోడకు రక్తమిచ్చే పి.డి.ఏ. కొమ్మ కుడి ధమని నుంచి పుట్టిందని అర్థం. పదిమందిలో సుమారు ఎనిమిది మందికి అంతే. దానికీ జబ్బుకూ సంబంధం లేదు.

రెండోది పుట్టుకతో వచ్చిన తేడా. సైనస్ అంటే ఇక్కడ ముక్కుది కాదు, గుండె నుంచి బయల్దేరే పెద్ద ధమని (బృహద్ధమని) మొదట్లో ఉండే ఉబ్బు. మామూలుగా గుండె ఎడమవైపుకు రక్తమిచ్చే పెద్ద నాళమైన లెఫ్ట్ మెయిన్ ఎడమ సైనస్‌లో మొదలై, కొద్ది దూరంలోనే ముందు గోడకు వెళ్లే ఎల్.ఏ.డి., పక్కగోడకు వెళ్లే సర్కమ్‌ఫ్లెక్స్‌గా చీలుతుంది. మీ నాన్నగారికి సర్కమ్‌ఫ్లెక్స్ కుడివైపు పుట్టి, చుట్టు తిరిగి తన చోటికి చేరుతోంది. రక్తం అందుతోంది కాబట్టి దీనికి మందులేమీ అక్కర్లేదు. తెలియకపోతేనే చిక్కు: ఎడమవైపు డై ఎక్కించినప్పుడు గుండె పక్కగోడ ఖాళీగా కనపడి, నాళం మూసుకుపోయిందని పొరపడే అవకాశం ఉంది.

అసలు జాగ్రత్త కవాటం దగ్గర. ఈ నాళం కవాట వలయాన్ని ఆనుకుని వెళ్తుంది. ఆపరేషన్‌లో కుట్టు లోతుగా పడితే నొక్కుకుపోవచ్చు. కాథెటర్‌తో (రక్తనాళం గుండా పంపే సన్నటి గొట్టంతో) కవాటం పెట్టేటప్పుడూ ఇది చూసుకోవాలి. రిపోర్టు కాగితంతోపాటు సీడీ కూడా దాచి, సర్జన్‌గారికి ముందే చూపించండి.

ప్రశ్న: మా తమ్ముడికి 20 ఏళ్లు. కానిస్టేబుల్ సెలక్షన్ల కోసం 1600 మీటర్లు పరిగెత్తుతూ సొమ్మసిల్లి పడిపోయాడు. సీటీలో లెఫ్ట్ మెయిన్ కుడి సైనస్‌లో పుట్టి, బృహద్ధమనికీ పుపుస ధమనికీ (ఊపిరితిత్తులకు వెళ్లే ధమని) మధ్య నుంచి వెళ్తోందని వచ్చింది. ఈసీజీ బాగానే ఉంది. ప్రాక్టీసు చేయొచ్చా?
– ఒక పాఠకుడు, ఒంగోలు

జవాబు: వద్దు. ఇవాళే ఆపించండి. సెలక్షన్లు మళ్లీ వస్తాయి.

ఇలా పుట్టిన నాళం ద్వారం చాలాసార్లు గుండ్రంగా కాక సన్నటి చీలికలా ఉంటుంది. మొదట్లో కొన్ని మిల్లీమీటర్లు బృహద్ధమని గోడ లోపలే సాగుతుంది. పరుగులో బృహద్ధమని సాగినప్పుడు, అంటే గుండెకు ఎక్కువ రక్తం కావలసినప్పుడే, దారి ఇరుకవుతుంది. గుండె లయ తప్పి ప్రాణం మీదికి వస్తుంది. విశ్రాంతిగా ఉన్నప్పుడు తీసిన ఈసీజీ దీన్ని పట్టదు. ట్రెడ్‌మిల్ టెస్టు కూడా ఒక్కోసారి మామూలుగానే వస్తుంది.

మీవాడికి లక్షణం బయటపడింది కనుక ఆపరేషనే దారి. గోడలో సాగే భాగాన్ని లోపలి నుంచి తెరిచి ద్వారం వెడల్పు చేస్తారు, దాన్ని అన్‌రూఫింగ్ అంటారు. లేదా నాళాన్ని ఎడమ సైనస్‌లో అతుకుతారు. గోడలోపల ఎన్ని మిల్లీమీటర్లు సాగిందో సీటీ చూసి చెప్పమనండి, పద్ధతి దాన్నిబట్టే తేలుతుంది. తర్వాత కనీసం 3 నెలలు ఆగి, శ్రమ పరీక్ష బాగుంటేనే పరుగు.

మైదానంలో ఎవరైనా పడిపోయి ఊపిరి ఆగితే నీళ్లు చల్లుతూ కూర్చోకండి. 108కి ఫోన్ చేసి, ఛాతీ మధ్య 5 సెం.మీ. లోతుకు, నిమిషానికి 100–120 సార్లు నొక్కుతూనే ఉండండి.

ప్రశ్న: బ్లాకులు లేవు గానీ ఎల్.ఏ.డి.లో మయోకార్డియల్ బ్రిడ్జ్ ఉందన్నారు. నొప్పొస్తే నాలుక కింద సార్బిట్రేట్ పెట్టుకోవచ్చా?
– ఒక పాఠకురాలు, కందుకూరు

జవాబు: సొంతంగా వద్దు. నాళం కొంతదూరం గుండె కండరంలో మునిగి సాగడమే బ్రిడ్జ్. గుండె ముడుచుకున్నప్పుడల్లా అక్కడ నొక్కుకుంటుంది. రక్తనాళాలను వెడల్పు చేసే సార్బిట్రేట్ మాత్ర గుండె వేగాన్ని పెంచి ఆ నొక్కుడును ఎక్కువ చేయగలదు. చాలామందికి బ్రిడ్జ్ వల్ల ఇబ్బందే ఉండదు. నొప్పి ఉంటే డాక్టర్లు ముందుగా బీటా బ్లాకర్ (గుండె వేగాన్ని తగ్గించే మందు) ఇస్తారు. వేగం తగ్గితే నాళం నిండడానికి సమయం దొరుకుతుంది. మీకు ఆస్తమా ఉంటే మాత్రం ఆ మందు రాయకముందే చెప్పండి.