పాత కారు పెయింట్ కరెక్షన్‌కి ఇచ్చే ముందు మందం కొలిపించండి

మీ పాత కారుని పెయింట్ కరెక్షన్‌కి, అంటే మెషిన్‌తో పాలిష్ చేసి గీతలు, మసక తీసే పనికి, ఇవ్వొచ్చా అని అడిగారు. సిరామిక్ కోటింగ్ (పెయింట్ మీద వేసే గట్టి రక్షణ పూత) గురించి కూడా అడిగారు. కరెక్షన్‌కి ఇవ్వొచ్చండి. కానీ మీ 2009 శాంత్రోకి పన్నెండు వేలు చెప్పిన షాపువాళ్లు పెయింట్ మందం కొలిచి చెప్పారా, కారు చుట్టూ ఒకసారి తిరిగి చెప్పారా అన్నది మీరు రాయలేదు. నేను మొదట అడిగేది అదే. కొలవకుండా చెప్పి ఉంటే అక్కడ ఇవ్వకండి.

మీరు మూడు సమస్యలు రాశారు. రంగు మొత్తం మసకబారింది, ఎండలో పెడితే సాలెగూడులా సన్నగీతలు కనిపిస్తున్నాయి, రూఫ్ మీద తెల్లటి మచ్చలు లేచి పొలుసుల్లా ఊడుతున్నాయి. మొదటి రెండూ మంచి పనివాడి చేతిలో పడితే చాలావరకు పోతాయి. మూడోది పాలిష్‌తో పోదు. దాని సంగతి చివర్లో చెప్తాను.

మా ఇంట్లో 2008 స్విఫ్ట్ డీజిల్ ఉంది, నల్లది. నాన్నగారు రిటైరైన ఏడాది కొన్నారు. మాది విజయవాడ. అపార్ట్‌మెంట్‌లో కవర్డ్ పార్కింగ్ రాకపోవడంతో పదేళ్లు వేపచెట్టు కింద నిలబడింది. పిట్టరెట్టలు, చెట్టు జిగురు, పైనుంచి మే నెల ఎండ. 2019లో మెరుపు పూర్తిగా పోయిందని ఊళ్లోనే ఒక షెడ్డుకి తీసుకెళ్లి రబ్బింగ్, పాలిష్ చేయించాం. మూడున్నర వేలు తీసుకుని ఒక్క పూటలో ఇచ్చేశారు. ఇంటికి తెచ్చిన రోజు అద్దంలా ఉంది. నాన్నగారు కారు చుట్టూ మూడుసార్లు తిరిగారు.

మూడు వారాల్లో, నాలుగు కడుగుళ్లకి, పాత గీతలన్నీ మళ్లీ తేలాయి. అసలు పోతే కదా తేలకుండా ఉండటానికి! గీతల్లో నిండిపోయి మెరుపు చూపించే నూనెలాంటి గ్లేజ్ పట్టించారంతే. అంతకంటే బాధపెట్టింది ఇంకొకటి. బానెట్ ముందు అంచున, మడత ఉన్న చోట, వేలెడు పొడవున రంగు పోయి లోపలి ప్రైమర్ కనిపించింది. రోటరీ మెషిన్‌ని అంచు మీద నిలిపి తిప్పితే జరిగేది అదే. ఒకేచోట గుండ్రంగా తిరిగే మెషిన్ వేడి పుట్టిస్తుంది. పైగా అంచుల దగ్గర పెయింట్ మామూలుగానే పలుచగా ఉంటుంది. నాన్నగారు ఆ గీత మీద వేలు పెట్టి చూసి ఏమీ అనలేదు. ఆ కారుని మళ్లీ ఎవరికీ ఇవ్వకూడదని ఆరోజే అనుకున్నాను.

ఇక్కడ ఒక లెక్క చెప్పాలి. ఇది తెలిస్తే షాపులో ఏం అడగాలో మీకే అర్థమవుతుంది. మెటాలిక్ రంగు ఉన్న కార్లలో రేకు మీద ప్రైమర్, దాని మీద రంగు, దాని మీద పారదర్శకంగా ఉండే క్లియర్ కోట్ ఉంటాయి. ఫ్యాక్టరీ పెయింట్ అన్నీ కలిపి సాధారణంగా 100 మైక్రాన్లకి (మైక్రాన్ అంటే మిల్లీమీటర్‌లో వెయ్యో వంతు) అటూ ఇటూ. అందులో క్లియర్ కోట్ 40, 50 మైక్రాన్లు ఉంటే ఎక్కువ. తల వెంట్రుక మందం కూడా లేదన్నమాట. కరెక్షన్ అంటే గీతని పూడ్చడం కాదు, గీత లోతు వరకు చుట్టూ ఉన్న క్లియర్‌ని అరగదీయడం. ప్రతి కాంపౌండింగ్‌కి, అంటే గరుకు పాలిష్ రుద్దిన ప్రతిసారీ, కొంత పోతుంది, పోయింది తిరిగి రాదు. ఎండలోని అతినీల లోహిత కిరణాలని ఆపేది కూడా ఆ పొరే. అందుకే పాత కారుకి 'నూరు శాతం గీతలు తీసేస్తాం' అనేవాళ్లంటే నాకు భయం. వాళ్లు తీస్తారు, రెండేళ్లలో క్లియర్ లేచిపోతుంది.

2023లో బండికి పదిహేనేళ్లు నిండాయి. ఆర్‌సీ రెన్యువల్ చేయిస్తే ఇంకో ఐదేళ్లు వచ్చాయి. అమ్మితే వచ్చేది ఏమంత లేదు, ఇంజన్ బాగుంది, నాన్నగారికి వదలాలని లేదు. సరే, పెయింట్ సరిగ్గా చూపిద్దామని నాలుగు చోట్లకి వెళ్లాను. మూడు చోట్ల కారు చూసిన ఐదు నిమిషాల్లో ధర చెప్పి, సిరామిక్ కోటింగ్ ప్యాకేజీల కాగితం చేతిలో పెట్టారు. నాలుగో అతను ధర చెప్పలేదు. 'కడిగి, మీటర్ పెట్టి చూశాక చెప్తానండి, ఓ గంట ఆగగలరా' అన్నాడు.

ఆ గంట నేను పక్కనే ఉన్నాను. ముందు షాంపూతో కడిగాడు. తర్వాత క్లే బార్ అనే బంకమట్టిలాంటి ముద్ద రుద్దాడు. చేత్తో తడిమితే గరుకుగా తగిలే జిగురు, ఇనుపరజను అంతా దాంతో వచ్చేసింది. ఆరాక చిన్న మీటర్ తీసి ప్రతి ప్యానెల్ మీదా ఐదారు చోట్ల పెట్టి, మాస్కింగ్ టేపు ముక్క మీద అంకె రాసి అక్కడే అంటించాడు. డోర్లు 105, 110 మైక్రాన్లు. రూఫ్ 98. బానెట్ మధ్యలో 80, అంచుల దగ్గర అంతకన్నా తక్కువ. కుడి వెనక డోర్ మాత్రం 310. 2012లో బస్సు రాసుకుంటే పుట్టీ పెట్టి పెయింట్ వేయించిన సంగతి మేమే మర్చిపోయాం, మీటర్ బయటపెట్టింది. ఆ మీటర్ మొత్తం మందమే చెప్తుంది, క్లియర్ ఎంతో విడిగా చెప్పదు. ప్లాస్టిక్ బంపర్ల మీద అసలు పనిచేయదు. అందుకే బంపర్లని తేలిగ్గానే తుడుస్తానన్నాడు.

బానెట్ దగ్గర నిలబడి అతను చెప్పింది నాకు ఇప్పటికీ గుర్తుంది. 'దీని మీద ఇంతకుముందే ఎవరో గట్టిగా రుద్దారు సార్. నేను మెత్తటి ప్యాడ్‌తో ఒక్క రౌండే చేస్తా. లోతు గీతలు ఉండిపోతాయి. ఒప్పుకుంటేనే చేస్తా.' ఒప్పుకున్నాను. ఆ మాట చెప్పగలిగినందుకే అతనికి ఇచ్చాను.

తర్వాత డోర్ మీద రెండడుగుల చోటు టేపుతో చుట్టి, ముందు అన్నిటికంటే తేలికైన పాలిష్‌తో ప్రయత్నించాడు. చాలకపోతే కొంచెం గట్టి కాంపౌండ్. ప్రతిసారీ ఐసోప్రొపైల్ ఆల్కహాల్ కలిపిన నీళ్లతో తుడిచి, టార్చ్ వేసి చూపించాడు. ఆ తుడుపుతో నూనె పోతుంది, నిజంగా పోయిన గీత ఏదో, దాక్కున్న గీత ఏదో తెలిసిపోతుంది. మా షెడ్డువాళ్ల పనికి ఈ పరీక్ష పెట్టి ఉంటే అక్కడే దొరికేవాళ్లు. మీరు కూడా మొత్తం పని ఒప్పుకోకముందే ఇలా ఒక చోట చేసి చూపించమనండి. కుదరదంటే వచ్చేయండి.

రబ్బరు బీడింగులకి, నల్ల ప్లాస్టిక్‌కి, అంచులకి టేపు వేశాడు. డ్యుయల్ యాక్షన్ మెషిన్ వాడాడు. అది తిరుగుతూనే అటూ ఇటూ ఊగుతుంది కాబట్టి పెయింట్ కాలిపోయే ప్రమాదం బాగా తక్కువ. పనంతా నీడలో జరిగింది. వేడెక్కిన రేకు మీద కాంపౌండ్ వెంటనే ఎండిపోయి కొత్త గీతలు పెడుతుంది. రెండున్నర రోజులు పట్టింది, పదకొండు వేలు తీసుకున్నాడు. గీతల్లో ముప్పాతిక వంతు పోయాయి. బానెట్ మీద కొన్ని అలాగే ఉన్నాయి, ప్రైమర్ తేలిన అంచుకి టచప్ వేశాడు. నలుపు మాత్రం మళ్లీ నలుపైంది.

సిరామిక్ గురించి మీరు అడిగారు. అది గీతలు తీయదు, కింద ఏముంటే దాన్నే మూసి ఉంచుతుంది. '9హెచ్' అని చెప్పేది పెన్సిల్‌తో గీసి చూసే కొలమానం, గీత పడదని గ్యారంటీ కాదు. మేము వేయించుకోలేదు. మంచి సీలెంట్, అంటే వాక్స్‌లా పైన పట్టించే రక్షణ పూత, వేయించుకుని మూడు నాలుగు నెలలకోసారి నేనే మళ్లీ పట్టిస్తున్నాను.

అన్నట్టు, ఆ సాలెగూడు గీతలు ఎక్కడివో తెలుసా? రోజూ పొద్దున్నే పది కార్లనీ ఒకే బకెట్, ఒకే గుడ్డతో తుడిచే పద్ధతి నుంచి. దుమ్ము మీద పొడిగుడ్డ లాగితే అది ఉప్పుకాగితమే. మా దగ్గర తుడిచే అబ్బాయికి జీతం అలాగే ఇస్తూ, పైన తుడవొద్దు, అద్దాలు, లోపల మాత్రం చూడమని చెప్పాం. వారానికోసారి నేనే ముందు నీళ్లు కొట్టి, తర్వాత షాంపూ, మైక్రోఫైబర్ గుడ్డతో కడుగుతాను. బోరు నీళ్లయితే ఎండనివ్వకుండా వెంటనే ఒత్తేయాలి, లేకపోతే సున్నపు మరకలు పడతాయి.

ఇంట్లో మీరే చేసుకోగల చిన్న పరీక్షలు రెండున్నాయి. గీత మీద అడ్డంగా గోరు ఆడించండి. గోరు పట్టుకుంటే అది పాలిష్‌కి పోయే గీత కాదు. మీది మెటాలిక్ కాని సాదా రంగైతే, కనపడని మూల తెల్లగుడ్డతో కొంచెం పాలిష్ రుద్ది చూడండి. గుడ్డకి కారు రంగు అంటితే పైన క్లియర్ కోట్ లేదని. అప్పుడు ఆ సంగతి పనివాడికి ముందే చెప్పండి.

ఇక మీ రూఫ్. తెల్లగా లేచి ఊడుతోందంటే అక్కడ క్లియర్ చచ్చిపోయింది, రుద్దేకొద్దీ ఇంకా ఊడుతుంది. రూఫ్ ఒక్కటే రీపెయింట్ చేయించండి, మొత్తం కారుకి అక్కర్లేదు. అది కూడా కరెక్షన్‌కి ముందే చేయించండి, పెయింట్ తుంపరలు ఎక్కడైనా పడినా తర్వాతి పాలిష్‌లో పోతాయి. కొత్త పెయింట్ కనీసం నెలరోజులు ఆరాకే దాని మీద వాక్స్‌గానీ సీలెంట్‌గానీ వేయించాలి. ఈలోపు ఆ పన్నెండు వేల షాపుకి ఫోన్ చేసి, మీటర్ ఉందా, మీ ముందే అంకెలు రాసి చూపిస్తారా అని అడగండి.