వాహన సందేహాలు: ప్లగ్గుకు పట్టిన ఆయిల్ ఎక్కడిది?

ప్రశ్న: మా కారు కొని ఇరవై ఏళ్లు దాటింది. నాలుగు సిలిండర్ల పెట్రోలు ఇంజన్, 1,60,000 కిలోమీటర్లు తిరిగింది. ఉదయం స్టార్ట్ చేయగానే వెనక నీలం పొగ వచ్చి రెండు నిమిషాల్లో తగ్గిపోతుంది. కొండ దారి దిగి మళ్లీ యాక్సిలరేటర్ తొక్కినప్పుడు కూడా కొంచెం వస్తుంది. మూడో సిలిండర్ స్పార్క్ ప్లగ్గు (పెట్రోలును అంటించే నిప్పురవ్వ ఇచ్చేది) మాత్రం ఐదారు వందల కిలోమీటర్లకే నల్లగా జిడ్డెక్కి ఇంజన్ మిస్సింగ్ ఇస్తోంది. ఇప్పటికి మూడుసార్లు మార్చాను. కంప్రెషన్ (సిలిండర్‌లో పిస్టన్ నొక్కినప్పుడు పుట్టే ఒత్తిడి) చూపిస్తే వరుసగా 170, 166, 162, 168 పీఎస్ఐ వచ్చింది. ఇంజన్ విప్పి, బోరింగ్ చేసి (సిలిండర్ లోపలి గోడను చెక్కి సరిచేసి), పిస్టన్ చుట్టూ ఉండే రింగులు మార్చాలని మెకానిక్ అంటున్నారు. అంత పని అవసరమా?

జవాబు: మీరు రాసిన లక్షణాలను, అంకెలను కలిపి చూస్తే బోరింగ్ దాకా వెళ్లవలసిన అవసరం కనిపించడం లేదు. అనుమానం ముందుగా మూడో సిలిండర్ వాల్వ్ సీళ్ల (వాల్వ్ కాడ వెంట ఆయిల్ దిగకుండా ఆపే రబ్బరు తొడుగుల) మీదికి పోతుంది. అయితే సీళ్లు కొనే ముందు రెండు విషయాలు తేల్చుకోవాలి.

మొదటిది, ప్లగ్గు మీద ఉన్నది నిజంగా ఆయిలేనా అన్నది. నల్లగా కనిపించే ప్లగ్గులన్నీ ఒకటి కావు. దీపపు మసిలా పొడిగా ఉండి వేలికి అంటుకునేది మిశ్రమంలో పెట్రోలు ఎక్కువైనందువల్ల వచ్చే కార్బన్. తడిగా ఉండి ఘాటుగా వాసన వేసేది కాలకుండా మిగిలిన పెట్రోలు. విప్పిన ప్లగ్గు కొనను ఒక తెల్ల కాగితం మీద అద్ది కాసేపు పక్కన పెట్టండి. పెట్రోలు మరక ఆరిపోతుంది. ఆయిల్ మరక ఆరదు సరికదా, పకోడీ పొట్లంలా కాగితాన్ని పారదర్శకంగా మార్చి, వెలుతురుకు పట్టి చూస్తే మెరుస్తుంది.

రెండవది, ఆయిల్ వల్ల ప్లగ్గు ఆగుతోందా, ప్లగ్గు సరిగా వెలగనందువల్ల ఆయిల్ చేరుతోందా అన్నది. ఏ ఇంజన్‌లోనైనా సిలిండర్‌లోకి రవ్వంత ఆయిల్ వస్తూనే ఉంటుంది, మంట సరిగా ఉంటే అది కాలిపోతుంది. వైరు గానీ కాయిల్ గానీ బలహీనపడి స్పార్క్ తప్పుతున్న సిలిండర్‌లో అదే ఆయిల్ కాలకుండా ప్లగ్గు మీద పేరుకుంటుంది. కాబట్టి మూడో సిలిండర్ ప్లగ్గును, వైరును (విడి కాయిల్ ఉంటే దానిని కూడా) రెండో సిలిండర్‌కు మార్చి, అక్కడివి ఇక్కడ పెట్టి కొన్ని వందల కిలోమీటర్లు నడపండి. జిడ్డు రెండో సిలిండర్‌కు మారితే లోపం కరెంటు వైపు ఉన్నట్టు, మూడో సిలిండర్‌లోనే ఉండిపోతే ఇంజన్ లోపల ఉన్నట్టు. ఖర్చులేని ఈ పరీక్షను చాలామంది ఎందుకు వదిలేస్తారో నాకు అర్థం కాదు.

ఇంజన్ లోపలే అని తేలితే, ఆయిల్ పైనుంచి దిగుతోందా, కింది నుంచి ఎక్కుతోందా అన్నది చూడాలి. పైనుంచి అయితే వాల్వ్ కాడకు, అది కదిలే గొట్టమైన గైడ్‌కు మధ్య సందులోంచి, కిందనుంచి అయితే రింగులను దాటుకుని వస్తుంది. ఈ రెండింటికీ పొగ వచ్చే సమయంలో తేడా ఉంటుంది. కాడకు తొడిగే రబ్బరు సీలు ఏళ్ల తరబడి వేడికి గట్టిపడి పట్టు వదిలేస్తే, రాత్రంతా బండి నిలబడి ఉన్నప్పుడు ఆయిల్ మెల్లగా కారి, ఉదయం తొలి పొగగా బయటికి వస్తుంది. పల్లంలో యాక్సిలరేటర్ వదిలినప్పుడు థ్రాటిల్ (ఇంజన్‌లోకి గాలిని వదిలే తలుపు) మూసుకుని ఇన్‌టేక్ (గాలి లోపలికి వచ్చే) వైపు పీల్పు బలంగా ఉంటుంది కనుక, గైడ్ల సందులోంచి ఆయిల్ లాగబడి, మళ్లీ తొక్కగానే పొగ అవుతుంది. మీరు రాసిన రెండూ ఇవే. రింగులు అరిగితే ఇంత పద్ధతిగా ఉండదు. బరువుతో ఎత్తు ఎక్కుతున్నంతసేపూ పొగ వస్తూనే ఉంటుంది.

కంప్రెషన్ అంకెల్లో అన్నిటికన్నా ఎక్కువకు, తక్కువకు తేడా 8 పీఎస్ఐ, అంటే ఐదు శాతం లోపే. తక్కువది ఎక్కువదానిలో 75 శాతానికి తగ్గనంతవరకు సాధారణంగా ఆందోళన పడరు. ఒక్క మెలిక మాత్రం ఉంది. కంప్రెషన్ నిలిపేవి ప్రధానంగా పై రెండు రింగులు, గోడల మీది ఆయిల్‌ను గీకేది అడుగున ఉండే ఆయిల్ రింగు. అది కార్బన్ పట్టి గాడిలో బిగుసుకుపోయినా కంప్రెషన్ బాగానే రావచ్చు. అందుకే ప్లగ్గు రంధ్రంలోంచి చిన్న కెమెరా దించి పిస్టన్ తలను చూడమనండి. అంచు చుట్టూ కార్బన్ లేకుండా కడిగినట్టు శుభ్రంగా ఉంటే ఆయిల్ కింది నుంచి వస్తోందని అర్థం. అలా లేక, ఇన్‌టేక్ వాల్వ్ వెనక వైపు తారులాంటి తడి పేరుకుని ఉంటే సీలుదే తప్పు.

సీళ్లు మార్చడానికి చాలా ఇంజన్లలో హెడ్ (సిలిండర్ల మీది మూత) దించనక్కరలేదు. పిస్టన్‌ను కంప్రెషన్ స్ట్రోక్‌లో పైకి వచ్చే దారిలో ఆపి, ప్లగ్గు రంధ్రంలోంచి మెత్తటి నైలాన్ తాడును లోపలికి కూరి, ఇంజన్‌ను చేత్తో తిప్పితే, ఆ తాడు ఉండ వాల్వ్‌లను కింద పడకుండా ఎత్తిపట్టుకుంటుంది. తాడు రెండో కొస బయటే ఉండేట్టు చూసుకోవాలి! స్ప్రింగు తీసిన తర్వాత వాల్వ్ కాడను వేళ్లతో పట్టుకుని పక్కలకు ఊపి చూడమనండి. బాగా ఊగితే గైడ్ అరిగినట్టే, కొత్త సీలు ఎక్కువ కాలం నిలవదు, అప్పుడు హెడ్ దించక తప్పదు. మీ మెకానిక్ మాటలో దురుద్దేశం ఉందని నేను అనను. పాత ఇంజన్‌లో నీలం పొగ కనిపిస్తే రింగులే అనుకోవడం వర్క్‌షాపుల్లో పాతుకుపోయిన అలవాటు.

ప్రశ్న: మాకు నాలుగు ప్లగ్గులూ ఒకేలా జిడ్డుగా ఉన్నాయి. పొగ పెద్దగా లేదు.

జవాబు: అన్నీ సమానంగా తడిస్తే అన్నింటికీ ఉమ్మడిగా ఉన్న దారిని ముందు చూడండి. ఆయిల్ కొలిచే కడ్డీ మీద ఆయిల్ పై గీత దాటిందేమో చూసిన తర్వాత, క్రాంక్‌కేస్ (ఇంజన్ అడుగు భాగం) గాలిని ఇన్‌టేక్‌లోకి పంపే పీసీవీ వాల్వ్‌ను విప్పి చెవి దగ్గర ఊపండి. లోపలి ముక్క కదలక చప్పుడు రాకపోతే అది ఇరుక్కుపోయింది. మారిస్తే చాలాసార్లు సమస్య అక్కడే తీరుతుంది.

ప్రశ్న: జిడ్డు పట్టకుండా ఒక నంబరు ‘హాట్’ ప్లగ్గు వేయమంటున్నారు. వేయవచ్చా?

జవాబు: ప్లగ్గు కొన సుమారు 450 డిగ్రీల సెల్సియస్ దాటితే తన మీది మురికిని తానే కాల్చుకుంటుంది. హాట్ ప్లగ్గు ఆ వేడిని త్వరగా అందుకుంటుంది కనుక మరమ్మతు జరిగేదాకా పని గడుస్తుంది, కానీ ఆయిల్ రావడం ఆగదు. కొన వేడి 800 దాటితే స్పార్క్ రాకముందే మిశ్రమం అంటుకుని పిస్టన్‌కు ప్రమాదం కాబట్టి ఒక్క మెట్టుకు మించి వద్దు. కొనేటప్పుడు నంబరు చూసుకోండి: ఎన్‌జీకే కంపెనీ ప్లగ్గుల్లో అంకె తగ్గితే హాట్, బాష్ కంపెనీవాటిలో అంకె పెరిగితే హాట్.