పరుగు ఆగగానే నిలబడిపోకురా

ఒరేయ్ చిన్నోడా,

కానిస్టేబుల్ సెలక్షన్స్‌కి 1600 మీటర్లు ప్రాక్టీస్ చేస్తున్నావని మీ అమ్మ ఫోన్లో చెప్పింది. ఎంత సంతోషపడ్డానో, అంత దిగులూ పట్టుకుంది.

తెల్లారుజామున పరిగెత్తు, ఎండెక్కాక వద్దు. టిఫిన్ తిన్న వెంటనే గ్రౌండ్‌కి పోకు. విజిల్ ముందు గుండె దడదడలాడి నోరెండిపోతే కంగారుపడకు, అది ఒళ్లు పరుగుకి సిద్ధమవడమే. ఊపిరి నిదానంగా, పొడుగ్గా వదులు, మెదడు నుంచి గుండెకి వచ్చే వేగస్ నరం దాన్ని కాస్త నెమ్మదింపజేస్తుంది.

అసలు సంగతి ఇది. మీ నాన్న కూడా నీ వయసులో ఇలాంటి పరుగుకే వెళ్లాడు. చెప్పి ఉండడులే. గీత దాటగానే నడుం మీద చేతులేసుకుని అక్కడే నిలబడిపోయాడు, కాసేపటికి కళ్లు తేలేసి పడ్డాడు.

పరిగెత్తేటప్పుడు కాళ్లలో రక్తనాళాలు వెడల్పవుతాయిరా. అడుగు పడ్డప్పుడల్లా పిక్కలు రక్తాన్ని పైకి తోస్తాయి. ఠక్కున ఆగితే ఆ తోపుడు ఆగిపోతుంది, నాళాలు మాత్రం ఇంకా తెరుచుకునే ఉంటాయి, రక్తం కాళ్లలోనే ఉండిపోతుంది. బీపీ పడిపోతోందని మెడలోని నరాలు మెదడుకి కబురు పెడతాయి, నాళాలు బిగించమని, గుండెని గట్టిగా కొట్టుకోమని అక్కడినుంచి ఆర్డర్ వస్తుంది. ఇదంతా మన ప్రమేయం లేకుండానే జరుగుతుంది కానీ, అలసిన ఒంట్లో ఒక్కోసారి అది సరిపోదు. అందుకే గీత దాటాక కూర్చోకు, నిలబడకు, ఊపిరి కుదుటపడేదాకా నడుస్తూనే ఉండు.

వాడు పడిపోయాడని కాదు నా కోపం. చుట్టూ ఉన్నవాళ్లు చంకల్లో చేతులేసి లేపి నిలబెట్టారట, స్పృహ లేనివాడి నోట్లో నీళ్లు కూడా పోశారట! వెల్లకిలా పడుకోబెట్టి కాళ్లు ఎత్తి పెడితే రక్తం తలకి చేరేది. నీళ్లు ఊపిరితిత్తుల్లోకి పోయుంటే నువ్వు పుట్టేవాడివే కాదు. ఈ సంగతి నీ పక్కన పరిగెత్తే పిల్లలకి కూడా చెప్పు. పరిగెత్తుతుండగానే కళ్లు తిరిగినా, ఛాతీలో నొప్పొచ్చినా మాత్రం వేరే లెక్క, వెంటనే ఆసుపత్రికి పోవాలి.

ఇంకోటి, మత్తు తెప్పించే జలుబు మాత్రలు వేసుకున్న రోజు పరుగు మానెయ్. చెమట పట్టించే నరాల పనికి అవి అడ్డం పడతాయి, చెమట సరిగా పట్టకపోతే ఒంట్లో వేడి దిగదు. నర్సుగా ఇన్నేళ్లు వడదెబ్బ కేసులు చూసినదాన్ని, నా మాట విను.

బూట్ల సైజు మెసేజ్ పెట్టు. డబ్బులు నేనిస్తా, మీ నాన్నని అడగకు.

మీ అత్త