నిష్పత్తి బట్టీ పట్టకు, ముందు బీజకణం రాయి: మనవరాలికి ఉత్తరం

చిరంజీవి మనవరాలికి,

అమ్మమ్మ ఆశీస్సులు. మిగతా పాఠాలన్నీ బాగానే నడుస్తున్నాయి, జెనెటిక్స్ దగ్గరికొచ్చేసరికి మాత్రం టెన్షన్ పట్టుకుంటోందని రాశావు. 3:1, 1:2:1, 9:3:3:1 అన్నీ కంఠతా వచ్చు, లెక్క ఇస్తే ఏది ఎక్కడ వాడాలో తెలియడం లేదన్నావు. కాలేజీలో పాఠం చెప్పినన్నాళ్లూ ఏటా ఈ మాట వింటూనే ఉన్నాను. నీకు తెలివి తక్కువై కాదు తల్లీ, పాఠాన్ని చివరి నుంచి మొదలుపెట్టావు. నిష్పత్తి లెక్క చివర్లో దానంతట అది వచ్చేది. దాన్నే ముందు పట్టుకుని కూర్చుంటే లెక్క ఎక్కడ మొదలైందో కనబడదు.

మొదలు బీజకణం దగ్గర. ఒక జన్యువు మనలో రెండు ప్రతులుగా ఉంటుంది, తల్లి ఇచ్చింది ఒకటి, తండ్రి ఇచ్చింది ఒకటి. అండమో శుక్రకణమో తయారయ్యేటప్పుడు, అంటే క్షయకరణ విభజనలో, ఆ రెండూ విడిపోతాయి. ఒక్కో బీజకణంలోకి ఒక్కటే వెళ్తుంది. మెండల్ పృథక్కరణ సూత్రం అంటే ఇదే. మిగతా నిష్పత్తులన్నీ దీని మీద కట్టినవే.

అందుకని ఏ లెక్క వచ్చినా ముందు తల్లిదండ్రుల జన్యురూపం, అంటే వాళ్లలో ఉన్న రెండు ప్రతుల అక్షరాలు, రాయి. దాని కింద వాళ్లు ఇవ్వగల బీజకణాలు రాసి ఒక్కోదాని చుట్టూ సున్నా చుట్టు. సున్నాలో ఒక జన్యువుకి ఒక్క అక్షరమే ఉండాలి. రెండు అక్షరాలు కనిపిస్తే అక్కడే ఆగి దిద్దుకో, ఇంకా ముందుకెళ్తే లెక్క మొత్తం తప్పుతుంది. పొడవుకి టి అనీ, పొట్టికి డి అనీ వేరువేరు అక్షరాలు పెట్టకు. రెండూ ఒకే జన్యువు రూపాలు కాబట్టి ఒకే అక్షరం, ఒకటి పెద్దది, ఒకటి చిన్నది. అక్షరం నీ ఇష్టమైతే ఎస్, సి, డబ్ల్యూ జోలికి పోకు, హడావిడిగా రాస్తే వాటిలో పెద్దదీ చిన్నదీ ఒకేలా ఉంటాయి. ఏ, ఆర్, డి హాయి.

రెండు జన్యువుల లెక్కలో బీజకణాలు కలిసే పట్టిక, అంటే పన్నెట్ గడులు, పదహారు గీసి టైమంతా అక్కడే పోగొట్టకు. రెండూ విడివిడిగా పంచబడుతున్నప్పుడు ఒక్కోదాన్ని విడిగా చేసి గుణించు. బఠానీలో తల్లిదండ్రులిద్దరిలోనూ ఒక్కో జన్యువుకి పెద్దక్షరం, చిన్నక్షరం రెండూ ఉంటే, గుండ్రటి గింజ రావడానికి నాలుగింట మూడు, పసుపు రావడానికి నాలుగింట మూడు, రెండూ కలిసి రావడానికి పదహారింట తొమ్మిది. అదే నీ 9:3:3:1లో తొమ్మిది.

ఇప్పుడు మెండల్ దగ్గరికి వస్తాను. ఇక్కడ నిదానంగా చదువు. ఇప్పటి చెక్ దేశంలోని బ్రనో ఊళ్లో ఉన్న మఠంలో 1856 నుంచి 1863 దాకా ఆయన బఠానీ మొక్కల మీద పనిచేశాడు. 1865లో అక్కడి ప్రకృతి శాస్త్ర సంఘంలో వ్యాసం చదివాడు, 1866లో అది అచ్చయింది. గుండ్రటి గింజల మొక్కనీ ముడతల గింజల మొక్కనీ సంకరం చేస్తే రెండో తరంలో ఆయనకి 5474 గుండ్రటి గింజలు, 1850 ముడతల గింజలు వచ్చాయి. భాగించి చూడు, 2.96 వస్తుంది. మన పుస్తకాలు దాన్ని 3:1 అని రాసి పక్క పేజీకి వెళ్లిపోతాయి. ఆయన గొప్పతనం నాకు దాని తర్వాత చేసిన పనిలో కనిపిస్తుంది. గుండ్రటి గింజలన్నీ చూడ్డానికి ఒక్కటే, కానీ లోపల కూడా ఒక్కటేనా అని అడిగాడు. వాటిని మళ్లీ నాటాడు. అలా పెరిగిన 565 మొక్కల్లో 193 గుండ్రటివే కాశాయి. 372 మాత్రం గుండ్రటివీ ముడతలవీ రెండూ కాశాయి.

ఆ 372, 193 పక్కపక్కన రాసుకో. దాదాపు రెండుకి ఒకటి. ఒక్క ప్రతి ఉన్నా పైకి కనిపించేది బహిర్గతం, రెండు ప్రతులూ అదే అయితేనే కనిపించేది అంతర్గతం. పైకి బహిర్గత లక్షణం కనిపిస్తున్న ప్రతి మూడింటిలో రెండు, అంతర్గత రూపాన్ని లోపల దాచుకుని ఉన్నాయన్నమాట. 1:2:1లో చివరి ఒకటిని, అంటే ముడతలవాటిని, పక్కకి తీసేస్తే మిగిలేది 1:2, అంతకుమించి ఇందులో ఏమీ లేదు. కానీ ఈ మూడింట రెండు నీకు జీవితాంతం పనికొస్తుంది, ఎలాగో కాసేపట్లో చెబుతాను.

గుండ్రటిది ఎందుకు బహిర్గతమైంది అని అడగాలి నువ్వు. బహిర్గతం అంటే బలమైనది, రెండోదాన్ని అణచేసేది అని చాలామంది అనుకుంటారు. ముడతల బఠానీలో పిండిపదార్థానికి కొమ్మలు వేసే ఒక ఎంజైము జన్యువు మధ్యలో ఒక అదనపు డిఎన్‌ఏ ముక్క దూరింది. దాంతో ఆ జన్యువు పనిచేయదు. గింజలో పిండి తగ్గి చక్కెర మిగిలిపోతుంది, చక్కెరతో పాటు నీరూ ఎక్కువ చేరుతుంది, ఎండాక గింజ ముడుచుకుపోతుంది. రెండు ప్రతుల్లో ఒక్కటి బాగున్నా గింజ గుండ్రంగా ఉండడానికి సరిపడా ఎంజైము వస్తుంది. ఎవరూ ఎవర్నీ అణచలేదు, ఒక్క ప్రతి చేసే పనే చాలింది. అదే విషమయుగ్మజ గింజని, అంటే రెండు ప్రతులూ వేర్వేరుగా ఉన్నదాన్ని, కోసి మైక్రోస్కోపు కింద పిండిరేణువులు చూస్తే అవి మధ్యస్థ పరిమాణంలో ఉంటాయి. అంటే గింజ ఆకారం చూస్తే సంపూర్ణ బహిర్గతం, పిండిరేణువు చూస్తే అసంపూర్ణం. నువ్వు ఏ స్థాయిలో చూస్తున్నావన్నదే జవాబుని మారుస్తుంది.

బహిర్గతమైనదే జనంలో ఎక్కువగా ఉంటుందన్న పొరపాటు కూడా ఇక్కడే వదిలించుకో. చేతికి ఆరో వేలు చాలా కుటుంబాల్లో బహిర్గత లక్షణంగానే వస్తుంది, అయినా ఎంతమందికి ఉంది? ఓ బ్లడ్ గ్రూపు అంతర్గతం, మన ఊళ్లో ఎటు చూసినా ఓ గ్రూపు వాళ్లే.

ఇప్పుడు రెండు రూపాయి బిళ్లలు తీసుకో. ఒకటి తల్లి, ఒకటి తండ్రి, ఇద్దరూ విషమయుగ్మజులు. బొమ్మ పడితే మంచి ప్రతి, బొరుసు పడితే చెడిన ప్రతి. రెండూ కలిపి ఎగరేస్తే ఒక బిడ్డ. నాలుగుసార్లు ఎగరేసి ఒక కుటుంబం అని రాసుకో. అలా పాతిక కుటుంబాలు చెయ్యి. నలుగురిలో కచ్చితంగా ఒకరికే రెండు బొరుసులు వచ్చిన ఇళ్లు సగం కూడా ఉండకపోవచ్చు. ఒక్కరికీ రాని ఇళ్లు దాదాపు మూడింట ఒకటి ఉంటాయి. లెక్క కావాలంటే మూడు బై నాలుగుని నాలుగుసార్లు గుణించు, 256లో 81 వస్తుంది. ఇద్దరే పిల్లలైతే 16లో 9 ఇళ్లలో ఏమీ బయటపడదు. “మా వంశంలో ఎవరికీ లేదు కదా” అనే మాటకి విలువ ఎంతో ఇప్పుడు నీకే తెలుస్తుంది. మొదటి బిడ్డకి వచ్చింది కాబట్టి మిగతా ముగ్గురికీ రాదనుకోవడమూ తప్పే. బిళ్లకి జ్ఞాపకం ఉండదు. ప్రతి కాన్పుకీ మళ్లీ నాలుగింట ఒకటే.

నేను ఇంత పట్టుదలగా ఎందుకు చెబుతున్నానంటే, ఈ లెక్కలో బొరుసులు నిజం పిల్లలు. బీటా తలసీమియా తీసుకో, రక్తంలో హిమోగ్లోబిన్ సరిగా తయారుకాని జబ్బు. రెండు చెడిన ప్రతులు వచ్చిన బిడ్డకి రెండు నుంచి నాలుగు వారాలకోసారి రక్తం ఎక్కించాలి, దాంతో ఒంట్లో పేరుకునే ఇనుముని తీసేయడానికి రోజూ మందు వాడాలి. తల్లిదండ్రులిద్దరూ మామూలుగా తిరుగుతూ ఉంటారు, ఉంటే కాస్త రక్తహీనత, అంతే. ఆ బిడ్డకి ఆరోగ్యంగా ఉన్న అక్క ఉందనుకో. ఆ అమ్మాయి వాహకురాలు, అంటే ఒక్క చెడిన ప్రతిని మోసేది, అయ్యే అవకాశం ఎంత? సగం అని రాస్తారు, పరీక్షల్లో అందరికంటే ఎక్కువగా నేను చూసిన తప్పు ఇదే. ఆ అమ్మాయికి జబ్బు లేదని మనకి ముందే తెలుసు కదా, రెండు బొరుసుల గడిని తీసేయాలి. మిగిలిన మూడింట్లో రెండు. మెండల్ 565 మొక్కల దగ్గర చూసిందీ, ఈ అక్క దగ్గర చూస్తున్నదీ ఒకే లెక్క.

మేనరికం గురించి కూడా నువ్వే కాగితం మీద చేసి చూడు. మన ఇళ్లలో ఉన్నదే, దాని గురించి మాట్లాడ్డానికి సంకోచం అక్కర్లేదు. తాతగారిలో ఒక చెడిన ప్రతి ఉందనుకో. ఆయన పిల్లలకి అది వెళ్లే అవకాశం సగం, మనవలకి పావు. బావా మరదళ్లు పెళ్లి చేసుకుంటే ఇద్దరిలోనూ అది ఉండే అవకాశం పావు ఇంటూ పావు, పదహారింట ఒకటి. బిడ్డకి రెండు ప్రతులూ చేరాలంటే ఇంకో నాలుగింట ఒకటి, మొత్తం అరవై నాలుగింట ఒకటి. మేనమామ మేనకోడలైతే సగం ఇంటూ పావు, ఆపై నాలుగింట ఒకటి, ముప్ఫై రెండింట ఒకటి. ఆ తాతగారి భార్యలో ఉన్న చెడిన ప్రతులకీ మళ్లీ ఇదే లెక్క. వంశావళి పటంలో ఇలాంటి పెళ్లికి రెండు గీతలు గీయమనేది ఇందుకే. గీత గీశాక బిడ్డ నుంచి ఆ ఉమ్మడి పెద్దల దాకా రెండు దారులూ వేలితో వెతుకు, లెక్క దానంతట అదే తెలుస్తుంది.

చుట్టరికం లేకపోయినా ఒకే సముదాయంలో తరతరాలు పెళ్లిళ్లు జరిగితే ఇలాంటిదే నెమ్మదిగా జరుగుతుంది. మత్తు ఇచ్చేటప్పుడు కండరాలు సడలడానికి సక్సినైల్‌కోలిన్ అనే మందు వాడతారు. దాన్ని ఒంట్లో విరగ్గొట్టే ఎంజైము జన్యువులో ఒక మార్పు ఆర్యవైశ్య సముదాయంలో కనిపిస్తుందని హైదరాబాద్‌లోని జీవశాస్త్ర పరిశోధన సంస్థ సిసిఎంబి శాస్త్రవేత్తలు గుర్తించారు. రెండు ప్రతులూ అవే ఉన్నవాళ్లలో ఆ మందు ప్రభావం త్వరగా దిగదు, ఊపిరి తీసుకునే కండరాలు ఎక్కువసేపు పనిచేయవు. మత్తు డాక్టర్‌కి ముందే తెలిస్తే వేరే మందు వాడతారు. ఇందులో ఎవరి తప్పూ లేదు. ఏ సముదాయాన్ని తీసుకున్నా దానిది అలాంటి ఒకటో రెండో ఉంటాయి. ఏజెన్సీ గిరిజన ప్రాంతాల్లో ఎర్రకణాలు కొడవలిలా వంగిపోయే సికిల్ సెల్ జబ్బు ఉంది, దానికి 2023లో జాతీయ మిషనే మొదలుపెట్టారు. హిమోగ్లోబిన్ బీటా గొలుసులో ఆరో స్థానంలో గ్లుటామిక్ ఆమ్లం బదులు వాలీన్ చేరడం, అంత చిన్న మార్పు. ఒక్క ప్రతి ఉన్నవాళ్లకి తీవ్రమైన మలేరియా నుంచి కొంత రక్షణ ఉంటుంది, అందుకే మలేరియా ఉన్న చోట అది నిలిచిపోయింది. చెడ్డ జన్యువు, మంచి జన్యువు అని తీర్పు చెప్పే ముందు ఈ సంగతి గుర్తు తెచ్చుకో.

నువ్వు ఈ చదువు చదువుతున్నావని తెలిస్తే చుట్టాలు రెండు ప్రశ్నలు తప్పకుండా అడుగుతారు, రెండింటికీ జాగ్రత్తగా జవాబు చెప్పు. ఒకటి, తల్లిది ఏ గ్రూపు, తండ్రిది బి గ్రూపు, బిడ్డది ఓ ఎలా అయింది అని. ఇద్దరిలోనూ ఓ ప్రతి దాగి ఉంటే నాలుగింట ఒక బిడ్డకి ఓ వస్తుంది, కాగితం మీద గీసి చూపించు. అంతేకాదు, 1952లో ముంబైలో గుర్తించిన బాంబే గ్రూపు వాళ్లకి ఏ, బి జన్యువులు లోపల ఉన్నా మామూలు పరీక్షలో ఓ అనే చూపిస్తుంది. బ్లడ్ గ్రూపు పట్టుకుని ఎవరి కాపురం మీదా అనుమానపు మాట అననివ్వకు. రెండోది, ఆడపిల్లలే పుడుతున్నారని కోడల్ని అనడం. తల్లి ప్రతి అండంలోనూ ఎక్స్ క్రోమోజోము మాత్రమే ఇస్తుంది. ఎక్సో వైయో తెచ్చేది తండ్రి శుక్రకణం, అదీ ఆయన చేతిలో లేదు. ఈ మాట గట్టిగా చెప్పు, పెద్దవాళ్ల ముందైనా సరే.

ఎక్స్ సహలగ్న లక్షణాలకి, అంటే ఎక్స్ క్రోమోజోము మీది జన్యువుల వల్ల వచ్చేవాటికి, ఒక్క మాట గుర్తుంచుకుంటే చాలా లెక్కలు సగానికి తగ్గుతాయి: తండ్రి కొడుక్కి ఎక్స్ ఇవ్వడు. వంశావళిలో అంతర్గత లక్షణం తండ్రి నుంచి కొడుక్కి వచ్చినట్టు కనిపిస్తే, దాన్ని వర్ణాంధత్వంలాగా రాసేయకు, ముందు తల్లివైపు చూడు. 1910లో మోర్గాన్ అనే శాస్త్రవేత్త తెల్లకళ్ల మగ పండ్ల ఈగ నుంచి తీసిన రెండో తరంలో తెల్లకళ్లన్నీ మగ ఈగలకే వచ్చాయి. ఆయన లెక్కపెట్టినవి 2459 ఎర్రకళ్ల ఆడవి, 1011 ఎర్రకళ్ల మగవి, 782 తెల్లకళ్ల మగవి. చివరి రెండూ సమానంగా ఉండాల్సింది, లేవు. తెల్లకళ్లవి తక్కువగా బతికి బయటపడ్డాయి. నిజం అంకెలు ఇలాగే ఉంటాయి, చూసి కంగారు పడకు.

సహలగ్నత పాఠం ఇప్పుడే ముట్టుకోకు. విడివిడిగా పంచబడటం అన్ని జన్యువులకీ జరగదు, ఒకే క్రోమోజోము మీద దగ్గరగా ఉన్నవి కలిసే వెళ్తాయి అని మాత్రం ప్రస్తుతానికి తెలిస్తే చాలు. ఎత్తు, రంగు లాంటివి చాలా జన్యువులూ తిండీ ఎండా అన్నీ కలిసి తేల్చేవి, వాటికి పన్నెట్ గడులు గీయాలని చూడకు.

ఒక లెక్క ఇస్తున్నాను, ఆదివారం లోపు చేసి పంపు. తమ్ముడికి తలసీమియా ఉన్న ఒక ఆరోగ్యవంతురాలు, తాను వాహకుడినని పరీక్షలో తెలిసిన వ్యక్తిని పెళ్లి చేసుకుంది. మొదటి బిడ్డకి జబ్బు వచ్చే అవకాశం ఎంత? ఆరింట ఒకటి రావాలి, రాకపోతే ఎక్కడ తేడా వచ్చిందో బీజకణాల వరుసలో వెతుకు. అది అయ్యాక రెండో భాగం: ఆమె వాహకుల్ని గుర్తించే హిమోగ్లోబిన్ ఏ2 పరీక్ష చేయించుకుంది. ఫలితం మామూలుగా ఉంటే నీ మూడింట రెండు ఏమవుతుంది, ఎక్కువగా ఉంటే ఏమవుతుంది, ఒక్కో సందర్భంలో ఆ దంపతులకి నువ్వు ఏం చెబుతావు? అది లెక్కలా కాకుండా, వాళ్లు ఎదురుగా కూర్చున్నట్టు మాటల్లో రాయి. ఆ సగం నేను ఎక్కువ శ్రద్ధగా దిద్దుతాను.

ఆశీస్సులతో,
అమ్మమ్మ