మీరడిగారు... మేం చెప్తున్నాం

ప్రశ్న: విశాఖ నుంచి మా తోడల్లుడు పిల్లలతో వస్తున్నాడు సార్. ఫోన్ చేసినప్పుడల్లా "మీ సీమలో రాళ్లు తప్ప ఏముంది" అంటాడు. ఉండేది రెండు రోజులే, ఏం చూపించాలి?
– ఒక పాఠకుడు, అనంతపురం

రాళ్లే చూపించండి! పొద్దున్నే ఉగ్గాణి, బజ్జీ తినిపించి తాడిపత్రి తీసుకెళ్లండి. పెన్న ఒడ్డున బుగ్గ రామలింగేశ్వరుడి గుడి ఉంది. లింగం దగ్గర నీళ్లు ఊరుతుంటాయి కాబట్టే బుగ్గ అన్నారు. అక్కడి గోపురాలు పైదాకా పూర్తి కాలేదు గానీ, కట్టినంత మేరా చెక్కుడు పని చూస్తే ఆయన నోరు ఆయనే మూసుకుంటాడు. గుడి కట్టించింది పెమ్మసాని రామలింగ నాయుడంటారు. సాయంత్రం మీరు వెళ్లబోయే గండికోట కూడా పెమ్మసాని వారు ఏలిందే.

దారిలో బెలుం గుహలు. బిలం అన్న మాటే బెలుం అయింది. మొత్తం పొడవు 3,229 మీటర్లు, జనాన్ని లోపలికి పంపేది అందులో కొంత మేరకే. నీళ్లు సున్నపురాయిని కరిగించుకుంటూ తొలిచిన గుహలివి, మన ఇళ్లల్లో పరుచుకునే నాపరాయీ సున్నపురాయే, ఆ మాట పిల్లలకు చెప్పండి, ఇంటికొచ్చాక గచ్చు వంక వేరేగా చూస్తారు. లోపల ఉక్కపోత, చొక్కా తడిసి ముద్దవుతుంది, కాబట్టి పలచటి బట్టలు వేసుకోండి.

రాత్రికి గండికోటలో ఉండిపోండి. ఎర్రమల కొండల్ని పెన్న కోసుకుంటూ వెళ్లిన లోయ అది, తెల్లవారుజామున ఎండ తగిలేకొద్దీ రాళ్లు ఎర్రబడుతుంటే చూడాలి. అంచున కంచె ఉంటుందని నమ్ముకోకుండా పిల్లల చేతులు పట్టుకోండి. తర్వాత తీరిగ్గా మాధవరాయస్వామి గుడి, జామా మసీదు, ధాన్యాగారం చూడొచ్చు. అన్నీ కోటలోనే, నడిచే దూరం.

ఈ రెండు రోజుల్లో లేపాక్షి ఇరికించకండి. అది హిందూపురం వైపు, ఈ దారి కాదు.

ప్రశ్న: లేపాక్షిలో స్తంభం నిజంగా గాల్లో వేలాడుతోందా?
– ఒక పాఠకురాలు, కడప

కింద సందుంది, తువ్వాలు ఇటు పెట్టి అటు లాగుతారు, మీరూ లాగండి. నా బాధల్లా ఏంటంటే, అందరూ ఆ ఒక్క స్తంభం దగ్గరే వంగి ఫోటోలు దిగి, తలెత్తి పైకప్పు మీది విజయనగర కాలం బొమ్మలు చూడకుండానే వెళ్లిపోతారు. అచ్యుతదేవరాయల కాలంలో విరూపణ్ణ కట్టించిన గుడి. లతా మంటపం స్తంభాల మీది డిజైన్లు చీరల అంచుల్లోకి కూడా వచ్చాయి, మీ బీరువాలో ఒకటి ఉన్నా ఉండొచ్చు.

ప్రశ్న: బెలుం గుహలు కర్నూలు జిల్లానా, నంద్యాల జిల్లానా? మా ఇంట్లో పందెం.
– ఒక పాఠకుడు, కర్నూలు

2022 ఏప్రిల్‌లో జిల్లాలు విడగొట్టాక నంద్యాల జిల్లా, కొలిమిగుండ్ల మండలం. కర్నూలు అన్నవాళ్లు పాత పుస్తకం చదివి ఉంటారు, పందెం డబ్బుల్లో సగం వదిలేయండి.