పదిహేనేళ్ల పిల్లలు, రెండున్నరేళ్ల చికిత్స: మీ ప్రశ్నలకు మా జవాబులు

ఈసారి వచ్చిన ఉత్తరాల్లో చాలావరకు ఒకే జబ్బు గురించి. పదమూడు, పద్దెనిమిదేళ్ల మధ్య పిల్లలకు వచ్చిన బ్లడ్ క్యాన్సర్, అందులోనూ డాక్టర్లు ఏ.ఎల్.ఎల్. అని రాసే అక్యూట్ లింఫోబ్లాస్టిక్ లుకేమియా. దీని చికిత్స సుమారు రెండున్నరేళ్లు సాగుతుంది. మొదటి కొన్ని నెలలు కీమో గట్టిగా ఉంటుంది. ఆ తర్వాత మెయింటెనెన్స్, అంటే ఎక్కువగా ఇంట్లో వేసుకునే మాత్రలే. మొత్తం మీద ఆస్పత్రిలో కన్నా ఇంట్లో గడిపే రోజులే ఎక్కువ కాబట్టి, ఇంట్లో ఏం చెయ్యాలన్నదే ఇక్కడ ఎక్కువగా రాస్తున్నాం. మీ వార్డువాళ్లు రాసిచ్చిన కాగితంలో ఇందుకు భిన్నంగా ఏదైనా ఉంటే ఆ కాగితాన్నే పాటించండి.

మా అమ్మాయికి పధ్నాలుగేళ్లు. హైదరాబాద్‌లో కీమో ఎక్కించి ఇంటికి పంపారు. జ్వరం వస్తే ఆలస్యం చెయ్యకుండా రమ్మన్నారు. మా వీధిలో ఆర్.ఎం.పి. గారేమో ‘పారాసిటమాల్ వేసి రాత్రికి చూద్దాం’ అంటున్నారు. అలా ఆగొచ్చా?
– ఒక తల్లి, తణుకు

ఆగకూడదమ్మా. మామూలు పిల్లలకు జ్వరం వస్తే రెండు రోజులు చూస్తాం. కీమోలో ఉన్న పిల్లకు రెండు గంటలు కూడా చూడకూడదు. చీము పట్టడం, ఎర్రబడటం, వాయడం లాంటి గుర్తులన్నీ న్యూట్రోఫిల్స్ అనే తెల్లకణాల వల్ల కనిపిస్తాయి. కీమో తర్వాత ఆ కణాలు అడుగంటిపోతాయి. ఒంట్లో ఇన్ఫెక్షన్ ఉన్నా బయటికి కనిపించేది జ్వరం ఒక్కటే. మధ్యాహ్నం జ్వరంతో మొదలై రాత్రికి బీపీ పడిపోయే పిల్లలుంటారు. పారాసిటమాల్ వేస్తే ఆ ఒక్క గుర్తూ కనిపించకుండా పోతుంది.

ఇంట్లో డిజిటల్ థర్మామీటర్ ఉండాలి. చంకలోనో నోట్లోనో పెట్టి చూడండి. మలద్వారంలో ఎప్పుడూ పెట్టకండి, అక్కడి సన్నటి పొర చిట్లితే క్రిములు నేరుగా రక్తంలోకి పోతాయి. ఎనీమా, సపోజిటరీ (మలద్వారంలో పెట్టే మందు) కూడా అందుకే వద్దు. 100.4 డిగ్రీలు దాటితే టైమ్ రాసుకోండి, వార్డుకు ఫోన్ చెయ్యండి, బయల్దేరండి. ఈ మూడూ ఒకదాని వెంట ఒకటి జరిగిపోవాలి. ఆస్పత్రిలో అడుగుపెట్టిన గంటలోపు మొదటి యాంటీబయాటిక్ నరంలోకి వెళ్లాలన్నది లెక్క. పిరుదుకో చేతికో కండలోకి ఇంజెక్షన్ చేయించకండి. ప్లేట్‌లెట్లు తక్కువగా ఉంటే లోపల రక్తం గడ్డకట్టి, అక్కడే చీము పడుతుంది.

తణుకు నుంచి హైదరాబాద్ వెళ్లేసరికి తెల్లారుతుంది. కాబట్టి ఈ ఏర్పాటు ముందే చేసుకోవాలి. మీ క్యాన్సర్ డాక్టరుగారిని ఒక ఉత్తరం అడగండి. అందులో జబ్బు పేరు, చికిత్స ఏ దశలో ఉంది, చివరి కీమో తేదీ, మందులు ఎక్కించడానికి పెద్ద నరంలో పెట్టే గొట్టం చేతి నుంచి వచ్చే పిక్ లైనా, చర్మం కింద అమర్చే పోర్టా, ఏ మందులకు అలర్జీ, జ్వరం వస్తే మొదట ఏ యాంటీబయాటిక్ ఎంత మోతాదులో ఇవ్వాలి అన్నవి ఉండాలి. దాని జిరాక్స్ పట్టుకుని, పిల్ల బాగున్న రోజునే మీ దగ్గర్లోని పెద్దాస్పత్రికి వెళ్లి పిల్లల డాక్టరుకు చూపించి మాట్లాడి రండి. అర్ధరాత్రి క్యాజువాలిటీలో మొదటి నుంచీ చెప్పుకురావాలంటే గంటలు గడిచిపోతాయి.

రిపోర్టు చదవడం కూడా నేర్చుకోండి, కష్టమేం కాదు. టోటల్ కౌంట్‌ను, అంటే మొత్తం తెల్లకణాల లెక్కను, న్యూట్రోఫిల్స్ శాతంతో హెచ్చవేసి వందతో భాగించండి. కౌంట్ 1,400, న్యూట్రోఫిల్స్ 22 శాతం అయితే న్యూట్రోఫిల్స్ 308 అన్నమాట. 500 లోపు ఉంటే జాగ్రత్త బాగా పెరగాలి. అయితే కౌంట్ బాగుందని జ్వరాన్ని వదిలెయ్యకూడదు. ఇంకో సంగతి. స్టెరాయిడ్ నడిచే వారాల్లో ఇన్ఫెక్షన్ ఉన్నా జ్వరం రాకపోవచ్చు. పిల్ల వణికిపోతున్నా, మాట మందగించి మగతగా పడుకుంటున్నా, లైన్‌ను మందు నీళ్లతో కడిగిన (ఫ్లష్ చేసిన) కాసేపటికి చలి పుట్టినా థర్మామీటర్ మాట పక్కన పెట్టి బయల్దేరండి.

మా వాడికి పదిహేను. రేపు వారం చికిత్స మొదలు. ‘రక్తం తక్కువైంది, ఎక్కించాలి’ అని మాత్రమే చెప్పాం. క్యాన్సర్ అంటే బెంగతో కుంగిపోతాడని మా భయం. చెప్పకుండానే నడిపించవచ్చా?
– ఒక తండ్రి, మహబూబ్‌నగర్

మీ భయం అర్థమవుతోంది. కానీ వాడి చేతిలో ఫోన్ ఉంది, ఆస్పత్రి గోడ మీద బోర్డు ఉంది, సెలైన్ సీసా మీద మందు పేరు ఉంది. వారంలోపే తెలుసుకుంటాడు. ఒంటరిగా తెలుసుకుంటాడు, పైగా మీరు దాచారని కూడా తెలుసుకుంటాడు. ఇక ఆ తర్వాత మీరు ‘తగ్గుతుంది నాన్నా’ అన్నా నమ్మడు.

పైగా చికిత్సకు ముందే వాడితో మాట్లాడాల్సిన విషయం ఒకటుంది. ఈ చికిత్సలో వాడే సైక్లోఫాస్ఫమైడ్ లాంటి కొన్ని మందులు మోతాదును బట్టి ముందుముందు సంతానానికి అడ్డు కావచ్చు. ఈడొచ్చిన మగపిల్లల వీర్యాన్ని మొదటి కీమోకు ముందే భద్రపరచవచ్చు. కీమో మొదలయ్యాక ఆ వీలు దాదాపు పోయినట్టే. రేపే డాక్టరుగారిని అడగండి. జబ్బు తీవ్రంగా ఉండి, చికిత్స ఆలస్యం చెయ్యలేని పరిస్థితి అయితే చికిత్సకే మొదటి చోటు, అది వేరే సంగతి. అసలు జబ్బు పేరే చెప్పని పిల్లాడితో మాత్రం ఈ మాట ఎత్తలేం కదా. వాడు డాక్టరుతో ఈ విషయం మాట్లాడేటప్పుడు మీరిద్దరూ బయట కూర్చోండి. తల్లి ఎదుట ఏ కుర్రాడూ నోరు విప్పడు.

చెప్పేటప్పుడు పగటిపూట చెప్పండి, రాత్రి పడుకోబోయే ముందు వద్దు. డాక్టరు పక్కన ఉంటే మంచిది. జబ్బు పేరు పెట్టే చెప్పండి. వాడు తిన్నదాని వల్లో చేసినదాని వల్లో రాలేదని చెప్పండి, పిల్లలు ఆ మాట అడగరు గానీ మనసులో అదే నలుగుతుంటుంది. వచ్చే నెల రోజుల్లో ఏం జరగబోతోందో చెప్పండి: నడుములో సూది, జుట్టు రాలడం, బడికి పోకపోవడం. ‘నేను చచ్చిపోతానా?’ అని అడిగితే మాట దాటెయ్యకండి. ‘నయం చెయ్యాలనే ఈ మందులు ఇస్తున్నారు. చాలామంది పిల్లలకు నయమవుతోంది. ఏ సంగతైనా నీకు చెప్పకుండా దాచం’ అనండి. అంతకు మించి హామీ ఇవ్వకండి, అంతకు తక్కువా చెప్పకండి.

పాపకు ప్లేట్‌లెట్లు తగ్గాయని మా అత్తగారు బొప్పాయి ఆకు రసం, తిప్పతీగ కషాయం ఇద్దామంటున్నారు. పెరుగు, పచ్చళ్లు పెట్టొచ్చా?
– విజయనగరం

ఆ రెండూ వద్దు. కీమో మందుల్లో చాలావాటికి కాలేయమే ఆధారం. తిప్పతీగ వల్ల కాలేయం దెబ్బతిన్న కేసులు మన దేశంలోనే నమోదయ్యాయి. కీమోతో తగ్గిన ప్లేట్‌లెట్లు ఎముక మజ్జ కోలుకున్నాకే పెరుగుతాయి, ఆకు రసంతో కాదు. పెద్దావిడతో వాదన పెట్టుకోకుండా డాక్టరు దగ్గరికి తీసుకెళ్లి ఆయన నోటే చెప్పించండి.

తిండిలో చూసుకోవాల్సింది శుభ్రం. అప్పుడే వండి, వేడిగా ఉండగానే పెట్టాలి. చద్దన్నం, బయటి పానీపూరీ, ముందే కోసి అమ్మే పండ్లు, సగం ఉడికిన గుడ్డు వద్దు. అరటిపండు, కమలా లాంటివి కడిగి, ఇంట్లోనే తొక్క తీసి పెట్టండి. కాచిన పాలతో తోడేసిన ఇంటి పెరుగును కొన్ని వార్డులు ఒప్పుకుంటాయి, కొన్ని కౌంట్ తగ్గినప్పుడు ఆపమంటాయి. మీ వార్డును అడగండి. చాలామంది మరిచిపోయేది, పప్పు దించాక పైన చల్లే పచ్చి కొత్తిమీర, పెరుగు పచ్చడిలో పచ్చి ఉల్లిపాయ. కొత్తిమీరైతే కూరలోనే వేసి ఉడికించండి. నోరు పూసినప్పుడు కారం, పులుపు ఉన్న పచ్చళ్లు మంట పెడతాయి. లీటరు కాచి చల్లార్చిన నీళ్లలో చెంచా ఉప్పు, చెంచా వంటసోడా కలిపి రోజుకు నాలుగైదుసార్లు పుక్కిలించమనండి. ఏ రోజువి ఆ రోజే కలపాలి.

నా మేనకోడలికి ప్లేట్‌లెట్లు కావాలంటే మా ఊరి కుర్రాళ్లు పదిహేనుమంది సిద్ధంగా ఉన్నారు. అందరినీ ఒకేసారి తీసుకెళ్లనా?
– మేనమామ, నంద్యాల

వద్దండీ. ప్లేట్‌లెట్లు ఐదు రోజులకు మించి నిల్వ ఉండవు. అందరి పేర్లు, బ్లడ్ గ్రూపులు, ఫోన్ నంబర్లు రాసి పెట్టుకుని వారానికి ఇద్దరి చొప్పున పిలవండి. మెషీన్ మీద ప్లేట్‌లెట్లు ఇచ్చేవాళ్లు 50 కిలోలకు మించి ఉండాలి, మూడు రోజులుగా ఆస్పిరిన్ వేసుకుని ఉండకూడదు. అమ్మ, నాన్న, తోడబుట్టినవాళ్ల రక్తం మాత్రం ఇప్పించకండి. రేపు బోన్‌మారో మార్పిడి అవసరమైతే అది అడ్డు కావచ్చు. ఏ బంధువు రక్తమైనా ఇర్రేడియేట్ చేశాకే, అంటే రేడియేషన్ పట్టించాకే, ఎక్కించాలి. బ్లడ్ బ్యాంక్‌లో ఈ మాట అడిగి ఖాయం చేసుకోండి.

మెయింటెనెన్స్‌లోకి వచ్చాం. ఇప్పుడు మాత్రలే కదా, పదో తరగతి కూడా ఉంది. ఏయే జాగ్రత్తలు తీసుకోవాలి? ఖర్చులకు దారేమిటి?
– ఒక తల్లి, ఖమ్మం

‘మాత్రలే కదా’ అన్న చోటే చాలా ఇళ్లలో పట్టు సడలుతుంది. సిక్స్-ఎం.పి. (మెర్కాప్టోప్యూరిన్ మాత్ర) రోజూ రాత్రి వెయ్యాలి. మెథోట్రెక్సేట్ వారానికి ఒక్కరోజే. ఈ రెండోదాన్ని పొరపాటున రోజూ వేస్తే నోరంతా పుళ్లు పడి, కౌంట్లు కుప్పకూలి ప్రాణం మీదికొస్తుంది. వారంలో ఒక రోజు ఖాయం చేసి క్యాలెండర్‌లో ఎర్ర సిరాతో చుట్టండి. మాత్ర సైజు కూడా ప్రతిసారీ చూడండి. వారానికి 30 మి.గ్రా. అంటే 2.5 మి.గ్రా. మాత్రలు పన్నెండు. షాపువాడు ఈసారి 10 మి.గ్రా. స్ట్రిప్ ఇస్తే మూడే. అలవాటుగా పన్నెండు వేస్తే నాలుగింతలవుతుంది. కాబట్టి చీటీ మీద మాత్రల లెక్కతోపాటు మి.గ్రా. కూడా రాయించుకోండి.

సిక్స్-ఎం.పి.లో నూటికి ఐదు మోతాదులకు మించి తప్పిన పిల్లల్లో జబ్బు తిరగబెట్టడం ఎక్కువని పరిశోధనల్లో తేలింది. అంటే నెలకు రెండు రాత్రులు తప్పినా ఆ గీత దాటినట్టే. చిన్నపిల్లలకు అమ్మే నోట్లో వేస్తుంది. పదిహేనేళ్లవాళ్లు ‘వేసుకున్నాన్లే’ అంటారు. అనుమానించి తిట్టొద్దు. వారం మాత్రలు గళ్ల డబ్బాలో తనే సర్దుకోవాలి, మీరు ఆదివారం ఖాళీ గళ్లు చూడాలి. ఒక రోజు తప్పితే మర్నాడు రెండు వెయ్యకండి. మాత్రలు నలిపి పొడి చెయ్యకండి. ఒళ్లు నొప్పులంటే డైక్లోఫెనాక్, ఐబూప్రొఫెన్ ఇవ్వకండి. అడగకుండా ఫోలిక్ యాసిడ్ కూడా వద్దు. మన దేశంలో కొందరి జన్యువుల్లో ఉండే తేడా వల్ల మామూలు మోతాదుకే కౌంట్లు బాగా పడిపోతాయి. డాక్టరు మోతాదు తగ్గిస్తే జబ్బు ముదిరిందని కంగారుపడకండి.

చదువు సంగతికొస్తే, హాజరు తగ్గినందుకు మెడికల్ సర్టిఫికెట్‌తో హెడ్‌మాస్టర్‌గారిని ముందే కలవండి. మార్చి పరీక్షలు కుదరకపోతే అడ్వాన్స్‌డ్ సప్లిమెంటరీ ఉంది, ఓపెన్ స్కూల్ ఉంది. క్లాస్‌టీచర్‌ను ఒక్కటి కోరండి: తరగతిలో ఎవరికైనా ఆటలమ్మ సోకితే ఆ రోజే మీకు ఫోన్ చెయ్యాలి. దగ్గరగా మెలిగిన పిల్లకు నాలుగు రోజులు దాటకముందే మందు ఏర్పాటు చెయ్యాల్సి ఉంటుంది. ఇంట్లోనే సోకితే వేపాకు కట్టి గుట్టుగా ఉంచకండి, ఆస్పత్రికి చెప్పండి.

ఖర్చు గురించి ఆస్పత్రిలో ప్రభుత్వ ఆరోగ్య పథకం పనులు చూసే ఆరోగ్యమిత్రను కలవండి. మీకు రాజీవ్ ఆరోగ్యశ్రీ, ఆంధ్రలో ఉన్నవాళ్లకు ఎన్టీఆర్ వైద్య సేవ. రైల్లో చికిత్సకు వెళ్లే క్యాన్సర్ రోగికి స్లీపర్‌లో, థర్డ్ ఏసీలో ఛార్జీ పూర్తిగా మాఫీ, తోడు వెళ్లే ఒకరికి 75 శాతం రాయితీ. దానికి ఆస్పత్రి ఇచ్చే ఫారం కావాలి.

నాకు పదహారు. డెక్సా (స్టెరాయిడ్ మాత్ర) వేసుకునే ఐదు రోజులూ అమ్మ మీద అరుస్తున్నా, రాత్రి నిద్ర పట్టదు, మొహం ఉబ్బింది. కాళ్లు కూడా లాగుతున్నాయి. ఇది ఆపేస్తే ఏమవుతుంది?
– ఒక అబ్బాయి, సిద్దిపేట

నువ్వే రాసినందుకు సంతోషం బాబూ. ఆపొద్దు. క్యాన్సర్ కణాలను చంపేవాటిలో అదీ గట్టి మందే. ఆ కోపం స్టెరాయిడ్ తెచ్చేదే, నీ స్వభావం మారిపోలేదు. ఆ ఐదు రోజులు క్యాలెండర్‌లో రాసి ఇంట్లో అందరికీ చూపించు, ఆ రోజుల్లో చదువు గొడవ, బంధువుల రాక పెట్టుకోవద్దని అమ్మకు చెప్పు. రెండో మోతాదు మరీ పొద్దుపోకుండా వేసుకోవచ్చా అని డాక్టరును అడుగు, నిద్రకు మేలవుతుంది. తిండి తర్వాతే వేసుకో. ఉబ్బిన మొహం మందు ఆగిన కొన్ని వారాలకు మామూలవుతుంది. విపరీతంగా దాహం వేసి, మాటిమాటికీ ఒంటేలుకు వెళ్లాల్సి వస్తుంటే షుగర్ చూపించుకో.

కాళ్ల విషయం మాత్రం తేలిగ్గా తీసుకోకు. మడమల మీద నిలబడి, వేళ్లు పైకెత్తి పది అడుగులు నడిచి చూడు. పాదం పైకి లేవకపోయినా, చెప్పు జారిపోతున్నా అది విన్‌క్రిస్టిన్ అనే కీమో మందు నరాల మీద చూపే ప్రభావం. ఫిజియోథెరపీ ఉంది, అవసరమైతే మోతాదు సరిచేస్తారు. అదే తుంటిలోనో మోకాల్లోనో నొప్పి ఉండి, మెట్లెక్కేటప్పుడు పెరుగుతుంటే స్టెరాయిడ్ వల్ల ఎముకకు రక్తం అందక అరుగుతోందేమో చూడాలి. పదేళ్లు దాటిన పిల్లల్లోనే ఇది ఎక్కువ. ఎక్స్‌రేలో మొదట్లో కనబడదు, ఎం.ఆర్.ఐ. కావాలి. వచ్చే ఓపీలో డాక్టరు అడిగేదాకా ఆగకుండా నువ్వే చెప్పు, ఏ కాలు, ఎన్నాళ్ల నుంచి అన్నది రాసుకుని వెళ్లు. అప్పటిదాకా క్రికెట్, దూకడాలు వద్దు, నడక మానొద్దు.