చికిత్స అయిపోయింది, అమ్మ చెకప్‌కు రానంటోంది

ప్రశ్న: మా అమ్మ వయసు 57. రొమ్ము క్యాన్సర్‌కు హైదరాబాద్‌లో ఆపరేషన్, కీమో, రేడియేషన్ పూర్తయి ఏడాదిన్నర దాటింది. మాత్రలు రోజూ వేసుకుంటోంది గానీ, మిర్యాలగూడ నుంచి గత రెండు చెకప్‌లకు రాలేదు. "బాగానే ఉన్నాను కదా, మళ్లీ ఆ ఆసుపత్రి మెట్లు ఎక్కించకు" అంటోంది. ఎలా ఒప్పించాలి?
– ఒక పాఠకురాలు, కూకట్‌పల్లి

జవాబు: మీ అమ్మగారి మాటలో నిర్లక్ష్యం కన్నా భయమే ఎక్కువగా వినిపిస్తోంది. కీమో నాటి జ్ఞాపకాలు, మళ్లీ ఏం బయటపడుతుందోనన్న దిగులు చాలామందిని ఓపీ గుమ్మం దాకా రానివ్వవు. కనుక "ఎందుకు రావు" అని గద్దించకుండా, "దేనికి భయంగా ఉందమ్మా" అని అడిగి, ఆమె చెప్పేది పూర్తిగా వినండి.

భయానికి ఖర్చు కూడా తోడవుతుంది. చెకప్ అంటే ప్రతిసారీ పెట్ స్కాన్ (ఒళ్లంతా క్యాన్సర్ జాడ వెతికే స్కాన్), కట్టలకొద్దీ రక్తపరీక్షలు అని చాలా కుటుంబాలు అనుకుంటాయి. వ్యాధి ఇతర అవయవాలకు పాకకముందే చికిత్స పొంది, ఇప్పుడు ఏ బాధా లేనివారికి అటువంటి స్కాన్లు, ట్యూమర్ మార్కర్ పరీక్షలు (రక్తంలో క్యాన్సర్ జాడలు వెతికేవి) మామూలుగా అవసరం ఉండవు. మొదటి 3 ఏళ్లు 3 నుంచి 6 నెలలకోసారి, 4, 5 ఏళ్లలో 6 నుంచి 12 నెలలకోసారి, ఆ తరువాత ఏడాదికోసారి డాక్టరు బాధలు అడిగి, రొమ్ములు, చంకలు, మెడ తడిమి చూస్తారు. ఏడాదికోసారి మామోగ్రామ్ (రొమ్ము ఎక్స్‌రే) తీయిస్తారు. ప్రధానంగా జరిగేది ఇంతేనని ముందుగా తెలిస్తే ఆమె మనసు కొంత కుదుటపడుతుంది.

క్యాన్సర్ తిరగబెట్టకుండా ఇచ్చే హార్మోన్ చికిత్స మాత్రలు వేసుకుంటున్నంత మాత్రాన చెకప్ తప్పించుకోకూడదు. అవి లెట్రోజోల్ వంటివైతే ఎముకలు పలచబడుతున్నాయేమో చూడాలి. టామాక్సిఫెన్ అయితే, ముట్లుడిగిన తరువాత రక్తస్రావం కనిపించినప్పుడు వెంటనే చెప్పాలి. ఈ మాత్రలను కనీసం 5 ఏళ్లు వాడవలసి ఉంటుంది కనుక, దుష్ఫలితాలను సరిదిద్దేవారు లేకపోతే మధ్యలో మానేసే ప్రమాదం ఉంది.

ఇక తేదీ సంగతి. కీమో జరిగినన్నాళ్లూ ఆసుపత్రే తేదీ చెబుతుంది. ఆ తరువాత "ఆరు నెలలకు రండి" అన్న ఒక్క వాక్యం ఫైలులో మిగిలిపోతుంది. ఓపీ నుంచి బయటికి వచ్చే ముందే తదుపరి తేదీ ఖాయం చేయించుకుని, ఇంట్లో ఒక్కరే ఆ బాధ్యత తీసుకోవాలి. అందరి పని అనుకుంటే ఎవరూ గుర్తుంచుకోరు. ఆసుపత్రులు కూడా రెండు రోజుల ముందు తెలుగులో ఫోన్ చేసి గుర్తుచేయాలని, రానివారికి మరునాడే మళ్లీ చేసి కారణం కనుక్కోవాలని నేను గట్టిగా కోరుతున్నాను.

చికిత్సకే కాక, చెకప్ ప్రయాణానికి కూడా రైల్వే రాయితీ ఉంది. ఆసుపత్రి ఇచ్చే ధ్రువపత్రం చూపితే స్లీపర్ తరగతిలో రోగికి టికెట్ ఉచితం, తోడు వచ్చేవారికి 75 శాతం తగ్గింపు. ఆ పత్రం గురించి అడిగిన వారికే తెలుస్తుంది, కనుక ఓపీలో తప్పక అడగండి.

రెండుసార్లు రాలేదు కనుక డాక్టరు కోప్పడతారని వెనుకాడకండి. పాత ఫైలు, ఇప్పుడు వాడుతున్న మాత్రలు తీసుకుని ఈ వారంలోనే అమ్మను ఆసుపత్రికి తీసుకెళ్లండి. కొత్త గడ్డ, తగ్గని ఎముకల నొప్పి, ఆయాసం, ఆపరేషన్ జరిగిన వైపు చేతి వాపు – వీటిలో ఏది ఉన్నా అపాయింట్‌మెంట్ కోసం ఆగకుండా వెంటనే చూపించండి.